గడప దాటని స్పానిష్

ఆ రోజుల్లో కోవిల్‌పట్టిలో మా ఇంటి గడపకు లోపల తెలుగు, బయట తమిళం. ఎవరో పెట్టిన చట్టం కాదు. చెప్పులు వేసుకోగానే నాలుక దానంతటదే మారిపోయేది. అలాంటి నాలుకను నమ్ముకుని నేను స్పానిష్ నేర్చుకోవడానికి పూనుకున్నాను. విరుదునగర్‌లో మిరపకాయలు ఎగుమతి చేసే అణ్ణాచ్చి (అక్కడ యజమానిని అలాగే పిలుస్తారు) స్పెయిన్ బేరగాడితో మాట్లాడగల మనిషి కోసం వెతుకుతున్నాడు. ఆ ఉద్యోగం రాకపోతే తిరుత్తంగల్‌లో అత్త వాళ్ళ అచ్చాఫీసులో కూర్చోబెడతానన్నాడు నాన్న. (అత్త నోటి ముందు అచ్చుయంత్రాల చప్పుడు ఏపాటిది!) నా బడి మా వంటిల్లే. మిరపకాయల తొడిమలు తీసే అవ్వ ఎదుట కూర్చుని, ఫోన్‌లో పాఠం వింటూ, చిన్ననాటి అలవాట్లు చెప్పే క్రియలన్నీ వల్లించేదాన్ని. కోమియా, తినేదాన్ని. విబియా, ఉండేదాన్ని. "అదేం బాసే, తుమ్ము వచ్చినట్టుండాది" అనేది అవ్వ.

పరీక్ష రోజు అణ్ణాచ్చి ఆఫీసులో, తెర మీద స్పెయిన్ బేరగాడు, నా పక్కన అణ్ణాచ్చి. చిన్నప్పుడు మీ ఇంట్లో మిరపకాయలతో ఏం చేసేవారు అని అడిగాడు బేరగాడు. ప్రశ్న పూర్తిగా అర్థమైంది. నోరు తెరిస్తే తమిళం వచ్చింది. మళ్ళీ తెరిచాను, మళ్ళీ తమిళమే. స్పానిష్‌ను నేను ఒక్కనాడైనా గడప దాటించలేదని అప్పుడు తెలిసింది. "వస్తుందా రాదా?" అని అణ్ణాచ్చి తమిళంలో గద్దించాడు. అంతలో నా ఫోన్ మోగింది. ఆపబోయి స్పీకర్ నొక్కేశాను.

"పాపా, కూడు తింటివా?" అవ్వ గొంతు గదంతా నిండింది.

"తింటి అవ్వా, మళ్ళీ చేస్తా."

అంతే, నాలుక ఇల్లు చేరింది. మా అవ్వ ఎండాకాలమంతా మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టేదనీ, నేను కాపలా కూర్చునేదాన్ననీ, వీధివీధంతా తుమ్మేదనీ స్పానిష్‌లో గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. బేరగాడు పడీపడీ నవ్వాడు. ఉద్యోగం నాదైంది.

సాయంత్రం ఇదంతా తెలుగులో చెబితే అవ్వ మొహం ముడుచుకుంది. "ఎండబెట్టేదా? నేనింకా ఎండబెడతానే ఉండానే! బతికుండంగానే నన్ను పోయినదాన్ని చేస్తివే!" నేను కడుపుబ్బ నవ్వాను. కొత్త బేరగాళ్ళు ఇప్పటికీ అదే ప్రశ్న అడుగుతారు, నేను అదే జవాబు చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. ఆనాడు చెమటలు కక్కిన పిల్లను తలచుకుని నేనూ నవ్వుతాను. కాకపోతే, అవ్వ పోయాక ఆ జవాబు నిజమైపోయింది.