కుడిజేబులో మిగిలిన వాషర్

నాచారంలో ఓ సబ్బుల ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ చంద్రయ్యకు మతిమరుపు ఎక్కువ. ఆ సంగతి ఆయనకు తెలుసు, అదొక్కటే నయం. అందుకే ఎనభైల్లో, పెద్ద పెద్ద ఆఫీసర్లే పనులన్నీ బుర్రలోనే పెట్టుకుని తిరిగే రోజుల్లో, తనకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పొద్దున ఒప్పుకున్న ప్రతి పనికీ ఒక ఇనుప వాషర్ ఖాకీ చొక్కా కుడిజేబులో వేసుకోవాలి. పని అయ్యాక దాన్ని ఎడమజేబులోకి మార్చాలి. నూనె చేతులకు కాగితం ఎక్కడ ఆగుతుంది? ఆయన నడుస్తుంటే గలగలమని చప్పుడు. గంగిరెద్దు వచ్చిందని తోటివాళ్ళు నవ్వేవారు. నవ్వనీ. కుడిజేబు ఖాళీ అయితేగానీ ఆయన గేటు దాటేవాడు కాదు.

ఒక సాయంత్రం మాత్రం చూసుకోకుండా దాటాడు. ఉప్పల్‌లో బస్సు దిగి, దగ్గుతూనే బీడీ కోసం జేబులో చెయ్యి పెడితే వాషర్ తగిలింది.

ఏ పని మిగిలింది? పంపు బాగుచేశాడు. క్యాంటీన్ ఫ్యాను అయింది. ఇంకేముంది, సబ్బు కలిపే డ్రమ్ము! సాయంత్రం డ్యూటీలో తోటి పనివాడు బిక్షపతి అందులోకి దిగి అడుగు గీకుతాడు. వాడు దిగేలోపు ఫ్యూజులు పీకేయడం చంద్రయ్య పని. పీకాడా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఎవడైనా చూడక స్విచ్ వేశాడంటే లోపల బ్లేడ్లు తిరుగుతాయి.

నాచారం బస్సు జాడ లేదు. చంద్రయ్య ఉరికాడు. దగ్గు ఆపితే ఆగాడు, మళ్ళీ ఉరికాడు. దారిపొడుగునా బిక్షపతి పెళ్ళాం మొహమే కళ్ళముందు. గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల ఏదో మోటారు తిరుగుతున్న చప్పుడు. అంత భయం ఆయన పుట్టి ఎరగడు.

లోపలికి పోయి కేకేస్తే డ్రమ్ములోంచి బిక్షపతి తల పైకి లేచింది.

“ఏందన్నా, గట్ల ఉరికొచ్చినవు?”

“ఫీజులు... పీకిన్నా నేను?”

“నువ్వే పీకి గూట్ల వెడితివి గదనే! అది పక్క మోటరు సప్పుడు.”

చంద్రయ్య అక్కడే కూలబడి వాషర్ చూపించాడు. “మరి గిదేందిరా?”

“పొద్దుగాల నా ముందట్నే ఏస్కుంటివి. దవాఖానల ఎక్స్‌రే ఫోటో తెచ్చుకోవాలె, ఈసారి మర్వ అంటివి.”

చంద్రయ్య వాషర్‌ను మళ్ళీ కుడిజేబులో వేసుకున్నాడు. “రేపు పోతలే,” అన్నాడు.

“రేపు రేపనుకుంటనే నెలాయె. దవాఖాన ఇంక బందు గాలె. పా, నేనొస్త.”

“బయమైతుందిరా,” అన్నాడు చంద్రయ్య. “అండ్ల ఏమొస్తదో అని బయమైతుంది.”

బిక్షపతి చేతులు కడుక్కుని, మేస్త్రీకి చెప్పి, సైకిల్ తెచ్చి గేటు దగ్గర నిలబెట్టాడు. ఉప్పల్ నుంచి ఉరికొచ్చిన మనిషి ఆ గేటు దాకా లేచి నడవలేకపోయాడు.