చెక్కకు అవతల

గిలకలదిండి రేవులో ఇప్పుడు చెక్క బోట్లు తగ్గాయి. ఉన్నవాటికి కూడా చాలామంది పైన ఫైబర్ వేయించుకుంటున్నారు. వేయించుకోనివాళ్ళు మాత్రం ఎండాకాలంలో చేపల వేట నిషేధం వచ్చిందంటే బోటును గట్టు మీదికి లాగించి మత్తయికి కబురు పెట్టేవారు. పలకకీ పలకకీ మధ్య సందుల్లో కుళ్ళిన నారను లాగేసి, కొత్త నార దట్టించి, గుగ్గిలం నూనెలో కాచిన ముద్ద పైన పూయడం మత్తయి పని. కొంత తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. మిగతాదంతా కారిన బోట్లు నేర్పాయి.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు బయట నిలబడి కొయ్య సుత్తితో నార కొట్టాలి. ఇంకొకరు బోటు అడుగున చీకట్లో కూర్చోవాలి. పైమూత వేసేస్తే లోపల ఏమీ కనపడదు. సందు సరిగా పూడని చోట మాత్రం బయటి ఎండ సన్నటి గీతలా లోపలికి వస్తుంది. ఆ గీత కనపడ్డ చోట లోపలి మనిషి వేలి కణుపుతో చెక్కను ఒకసారి కొడితే, బయటి మనిషి అక్కడే మళ్ళీ నార దట్టిస్తాడు. రెండుసార్లు కొడితే పూడిందని, ముందుకు జరగమని అర్థం. అంత మందం చెక్కలోంచి మాట బయటికొచ్చేసరికి నలిగిపోతుంది. చప్పుడైతే ఉన్నదున్నట్టు వస్తుంది.

మత్తయికి లోపలి మనిషి భార్య సువర్ణ. పెళ్ళయిన ఏడాది నుంచీ ఆమే. "వాళ్ళ కాపురమంతా చెక్కకి అటొకరూ ఇటొకరూ" అని రేవులో ఆడవాళ్ళు నవ్వుకునేవారు. ఇంట్లో కూడా వాళ్ళు పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. అవసరం పడేది కాదు.

కిందటి వానాకాలం సువర్ణ జ్వరంతో పడుకుంది. మళ్ళీ లేవలేదు.

ఇంటికొచ్చి ప్రార్థన చేసి ఓదార్చే ఆదరణ కూటాలు అయిపోయాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. మత్తయి సుత్తికీ ఉలులకీ నూనె రాసి, గోనెసంచిలో చుట్టి, దూలానికి కట్టేశాడు. రోజూ మధ్యాహ్నం ఎండ వాలగానే సమాధుల దొడ్డికి వెళ్ళి సువర్ణను పెట్టిన చోట కూర్చునేవాడు. ఏడ్చేవాడు కాదు. పక్కన మొలిచిన గడ్డి కూడా పీకేవాడు కాదు. కాసేపు మట్టిని, కాసేపు సరుగుడు చెట్ల పైన ఆకాశాన్ని చూస్తూ పొద్దుగూకేదాకా ఉండి లేచి వచ్చేవాడు.

కూతురు సూర్యకుమారి అవనిగడ్డ నుంచి ఫోన్ చేసేది. "ఒక్కడివీ అక్కడేం చేస్తావు నాన్నా? ఇక్కడికి వచ్చెయ్యి" అనేది. వస్తానన్నాడు. అవనిగడ్డలో ఆమె ఇంటి చుట్టూ అరటి తోటలే. అక్కడికి వెళ్తే మళ్ళీ సుత్తి పట్టేది ఉండదని ఆయనకు తెలుసు. పట్టకపోయినా ఏమీ కాదనిపించింది.

ఆ మే నెలలో ఒక గురువారం పొద్దున పోతురాజు వచ్చాడు. పోతురాజుకి తండ్రి చేయించిన చెక్క బోటు ఉంది. మత్తయిని చిన్నప్పటి నుంచీ బాబాయ్ అంటాడు. వెనకాలే వాళ్ళమ్మ తాతమ్మ ఎండుచేపల గంప దించుకుని గుమ్మంలో కూలబడింది.

"బాబాయ్, బోటు గట్టెక్కించాను. ఒకసారొచ్చి చూడు" అన్నాడు పోతురాజు.

"నేను మానేశాన్రా."

"నువ్వు మానేస్తే నేనేమైపోవాలి? ఎడం పక్కంతా కారతంది. నిషేధం తీసేసేలోగా పూడకపోతే దాన్ని పగలగొట్టి కట్టెల కింద అమ్ముకోవడమే."

"ఫైబర్ వేయించుకో."

"లోపల సందులు కారతా ఉంటే పైన ఏమేసి ఏం లాభం? ఆ మాట చెప్పింది నువ్వే."

మత్తయి దూలానికి కట్టిన సంచి వైపు చూసి, "లోపల కూర్చోడానికి మీ పిన్ని లేదు గదరా" అన్నాడు.

"నేను కూర్చుంటా."

"నువ్వా? మూత వెయ్యగానే గురక పెడతావు."

తాతమ్మ నవ్వింది. దండెం మీద ఇస్త్రీ చేసి వేలాడుతున్న తెల్లచొక్కా ఆమె కంటపడింది. "ఏం మరిదీ, చొక్కా బయటికి తీశావు. ఏంటి విశేషం?"

"సాయంత్రం గుళ్ళో ఆరాధనుంది వదినా. ఆరోహణ పండగ."

"అంటే?"

"ప్రభువు పైకెళ్ళిన రోజు."

"పైకెళ్ళడమంటే పోవడమే గదా? మొన్న పోయి లేచాడని పండగ చేశారు. మళ్ళీ పోయాడని కూడా పండగేనా?"

"పోవడం కాదు వదినా. పైకెళ్ళాడు."

"మా ఆయన కూడా పైకే వెళ్ళాడు. నేనేం పండగ చేసుకోలా."

"అమ్మా, ఊరుకో" అన్నాడు పోతురాజు.

"నవ్వులాటకి అడగట్లేదురా. తెలిస్తే చెప్పమను."

మత్తయి చెప్పలేకపోయాడు. పుట్టినప్పటి నుంచీ ఆ గుడిలో కూర్చున్నాడు, ఏటేటా ఆ పండగ చేశాడు. ఏడాది కిందట అడిగి ఉంటే నవ్వేసి ఊరుకునేవాడు.

సాయంత్రం ఆరాధనకి జనం పలచగా వచ్చారు. క్రిస్మస్‌కి నిండినట్టు ఆరోహణానికి గుడి నిండదు. ఘంటసాల వైపు నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు శామ్యూల్ రాజ్ వాక్యం చదివాడు. శిష్యులు చూస్తుండగానే ప్రభువు కొండ మీద నుంచి ఎత్తబడ్డాడు. మేఘం అడ్డం వచ్చింది. వాళ్ళు పైకే చూస్తూ నిలబడితే, తెల్లబట్టల్లో ఇద్దరు వచ్చి ఎందుకలా నిలబడ్డారని అడిగారు. వెళ్ళినవాడు మళ్ళీ వస్తాడన్నారు. శిష్యులు చాలా సంతోషంగా ఊళ్ళోకి తిరిగివెళ్ళారు.

మత్తయి ఆ సంతోషం దగ్గర ఆగిపోయాడు. తర్వాత పాడిన పాట ఆయన పాడలేదు.

అందరూ వెళ్ళాక శామ్యూల్ రాజ్ ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపుతుంటే మత్తయి దగ్గరికి వెళ్ళాడు. "అయ్యగారూ, ఒక్క మాటండి. ఆయన కనపడకుండా వెళ్ళిపోయాక వాళ్ళకి సంతోషం ఎక్కణ్ణించి వచ్చిందండి? నా మనసుకి ఎక్కట్లేదు. నేను దొడ్డి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు సంతోషం రావట్లేదు."

పాస్టరు చివరి ఫ్యాను కూడా ఆపేశాడు. బెంచీ మీద కూర్చుని పక్కన చోటు చూపించాడు.

"నేనూ ఏటేటా ఆ మాట దగ్గర ఆగుతానండి" అన్నాడు. "నాకు తెలిసిందేంటంటే, ఆయన లేకుండా పోలేదండి. కనపడకుండా పోయాడు. రెండూ ఒకటి కాదు. ఇక్కడ నడిచినన్నాళ్ళూ గలిలయలో ఉంటే యెరూషలేములో లేడు. ఇప్పుడు తండ్రి కుడిపక్కన కూర్చున్నాడు కాబట్టి గిలకలదిండిలో కూడా ఉండగలడు. మేకులు దిగిన చేతుల్తోనే వెళ్ళాడండి. ఆ చేతులు చూపించి మనకోసం అడుగుతున్నాడు."

"చెక్క పని చేసిన వడ్రంగి చేతులు" అన్నాడు మత్తయి.

"అవునండి. పైగా ఊరికే వెళ్ళలేదు, వాళ్ళకి పని ఒప్పజెప్పి వెళ్ళాడు. పని చేసే బలం పంపిస్తానన్నాడు. వదిలేసి పోయేవాడు పని ఒప్పజెప్పడు గదండీ."

మత్తయి తల దించుకున్నాడు. "మరి సువర్ణ నా పక్కనే ఉందంటండి. అందరూ అదే మాట. చూస్తానే ఉందంట. నాకు మాత్రం తెలియట్లేదు."

శామ్యూల్ రాజ్ ఆయన వైపు తిరిగాడు. "మీ పక్కన లేదండి" అన్నాడు. "ఆమె ప్రభువు దగ్గరుంది. ప్రభువు మీ దగ్గరున్నాడు. అంతకన్నా ఎక్కువ చెప్తే అది నా సొంత మాటవుతుంది."

సువర్ణ పోయాక మత్తయికి ఎవరూ అంత నిక్కచ్చిగా చెప్పలేదు. గుండెలో నొప్పి తగ్గలేదు. కానీ ఆ నొప్పికి ఒక హద్దు తెలిసినట్టయింది.

మర్నాడు గోనెసంచి దించాడు. చూసి వద్దామనే బయల్దేరాడు. గట్టు మీద పోతురాజు బోటు ఎడమ పక్కకి వెళ్ళి, సందుల్లో వేలు పెట్టగానే నార పొడిపొడిగా రాలిపోయింది. అది చూశాక ఉలి తీయకుండా ఉండలేకపోయాడు.

లోపల కూర్చోడానికి పోతురాజు పెళ్ళాం రేవతి ముందుకొచ్చింది. "ఈయన్ని నమ్మకండి మావయ్యగారూ, నేను కూర్చుంటాను" అంది. మత్తయి ఆమెకు ఒక చప్పుడు, రెండు చప్పుళ్ళు చెప్పాడు. ఆమె తల ఊపి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని దిగింది. పోతురాజు మూత వేశాడు.

మత్తయి నార పేని, సందులో పెట్టి, కొట్టాడు. అలవాటుగా ఆగాడు. లోపల్నుంచి ఒక చప్పుడు వచ్చింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఒకటే. ఇంకా దట్టించాడు. మళ్ళీ ఒకటే. నార ఇక పట్టనంటోంది. గట్టిగా కొడితే పలక చీలేలా ఉంది. లోపల్నుంచి మాత్రం టక్కుమంటూనే ఉంది.

ఆయన పైకెక్కి మూత లాగాడు. "అమ్మాయ్, ఇంకా ఎక్కడ కనపడతంది వెలుగు?"

రేవతి చెమటతో తడిసిన ముఖం పైకెత్తింది. "వెలుగేం లేదండి."

"మరెందుకు కొడుతున్నావు?"

"మీరు కొట్టి ఆగిపోతున్నారు గదండీ. వెళ్ళిపోయారేమోనని కొడుతున్నాను. ఈ చీకట్లో ఒక్కదాన్నే, మీరున్నారో లేదో నాకెలా తెలుస్తది?"

కింద పోతురాజు పడీపడీ నవ్వాడు. "బాబాయ్ అంత బోటు అడుగున నిన్నొదిలేసి టీకి పోతాడనుకున్నావా?"

మత్తయి నవ్వలేదు. టీకి ఆయన నిజంగానే వెళ్ళేవాడు. సుత్తి పక్కన పడేసి, దుకాణం దాకా నడిచి, ఎవరితోనో నాలుగు మాటలాడి వచ్చేవాడు. లోపల సువర్ణ ఎప్పుడూ ఇలా కొట్టలేదు. మళ్ళీ సుత్తి మోగేదాకా ఆ చీకట్లో, ఆ ఉక్కలో కదలకుండా కూర్చునేది. ఆమె కనపడక తను ఎదురుచూసిన సంగతే ఇన్నాళ్ళూ తలుచుకున్నాడు. తనూ ఆమెకు కనపడలేదన్నది ఆయనకు తట్టనే లేదు. ఆమెకు తెలిసిందల్లా చప్పుడు. అది ఆగినా, ఆయన ఉన్నాడనే కూర్చుంది.

కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరని అయ్యగారు చెప్పినప్పుడు ఆ మాట సగమే ఎక్కింది. మూత పట్టుకుని నిలబడ్డప్పుడు మిగతా సగం ఎక్కింది. ప్రభువు సంగతి అది. సువర్ణ మాత్రం ఆ బోటులో లేదు. అక్కడ భయపడుతున్న ఇంకో మనిషి ఉంది.

"చప్పుడు ఆగిందంటే నార పేనుకుంటున్నానని అర్థమమ్మా" అన్నాడు. "నేనెక్కడికీ వెళ్ళను."

ఎండ వాలింది. దొడ్డికి వెళ్ళే వేళయింది. ఒకసారి అటువైపు చూశాడు. ముందు భాగం సందు సగంలో ఉంది. ఆపితే రాత్రి చెమ్మకి నార ఉబ్బి పాడవుతుంది. ఆ సాయంత్రం వెళ్ళలేదు.

తాతమ్మ క్యారేజీలో అన్నం, చేపల పులుసు తెచ్చింది. ఆయన చేతులు కడుక్కుంటుంటే, "ఏం మరిదీ, కనుక్కున్నావా?" అంది.

"పోవడం కాదంట వదినా. పనంతా ఒప్పజెప్పి, పైన కూర్చుని చూసుకుంటన్నాడంట."

"మేస్త్రీ లాగానా?"

"ఆ."

"మంచి మేస్త్రీ అయితే కూర్చోడే."

మత్తయి ముద్ద కలుపుతూ ఆలోచించాడు. "కూర్చోడమంటే రాజు కూర్చోవడం లాంటిదిలే వదినా. పనిలో మనతోపాటు ఉంటాడంట."

"నీకు తెలిసిందా ఉన్నట్టు?"

"ఇయ్యాల కొంచెం తెలిసింది."

తాతమ్మ పులుసు ఇంకాస్త వేసింది.

ఆ రాత్రి కూతురు ఫోన్ చేస్తే ఇప్పుడు రానన్నాడు. పోతురాజు బోటు చేతిలో ఉందని, దాని వెనక ఇంకొకటి ఉందని చెప్పాడు. "వేళకి తింటున్నావా?" అంది ఆమె.

ఎడమ పక్క పూర్తయ్యేసరికి రేవతికి చప్పుడు చెవికి పట్టింది. ఎక్కడ నార వదులుగా ఉందో లోపల్నుంచే చెప్పగలుగుతోంది. కుడి పక్క మొదలుపెట్టే రోజు మత్తయి సుత్తి ఆమె చేతికిచ్చాడు.

"ఆడమనిషి చేతికి సుత్తేంటి బాబాయ్?" అన్నాడు పోతురాజు.

"ఇన్నాళ్ళూ ఈ పనిలో సగం ఆడమనిషిదేరా. నీకు కనపళ్ళేదంతే." రేవతి వైపు తిరిగి, "నా తర్వాత ఈ రేవులో ఇది తెలిసినవాళ్ళు ఉండాలి గదమ్మా" అన్నాడు.

ఆయన లోపలికి దిగాడు. మూత పడింది.

ఉక్క, చేపల వాసన. ఒంటరితనం బయటికన్నా ఇక్కడే ఎక్కువగా ఉంది. కళ్ళు అలవాటుపడ్డాక కుడి పక్కంతా సన్నటి వెలుగు గీతలు కనిపించాయి. సుత్తి పడింది. ఒక గీత సన్నబడింది. ఇంకోసారి పడేసరికి ఆరిపోయింది. అలా ఒక్కొక్కటే పూడుతున్నకొద్దీ చీకటి చిక్కబడింది. చీకటి పెరిగిందంటే బోటు బాగుపడుతున్నట్టు.

మధ్యలో చప్పుడు ఆగింది. మత్తయి ఎదురుచూశాడు. నార తెగిందేమో, నీళ్ళు తాగుతోందేమో. చెయ్యి పైకి లేచింది. కొట్టి పిలవాలనిపించింది. చెయ్యి దించేసుకున్నాడు. "ప్రభువా" అన్నాడు నెమ్మదిగా, ఎవరికీ వినపడనంత నెమ్మదిగా, ఎదురుగా కూర్చున్నవాడితో అన్నట్టు.

చాలాసేపటికి సుత్తి మళ్ళీ మోగింది. ముందున్న చోట కాదు, అంతకు మూరెడు అవతల. లోపల్నుంచి రెండు చప్పుళ్ళు రాకుండానే రేవతి తనంతట తానే ముందుకు జరిగింది. మత్తయి పలకలు తడుముకుంటూ చప్పుడు వచ్చిన వైపు జరిగాడు.