చాకు చేతికిస్తే కొట్లాటట

మడత చాకు జేబులో ఎందుకురా అని అమ్మ అడిగితే, లోకకల్యాణానికని చెబుతుంటాను. నిజానికి కోహీర్ నుంచి రోజూ నాతో షేర్ ఆటోలో వచ్చే అమ్మాయికి ఏనాటికైనా పనికొస్తుందని ఆశ. ఇంతవరకు మా మధ్య మాటల్లేవు. ఈ రోజు ఆమె సంచిలోంచి పెద్ద జామకాయ తీసింది. వెంటనే చాకు ఇవ్వబోయాను. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

“చేతికియ్యకుండ్రి, కొట్లాటైతది! సీటు మీద పెట్టుండ్రి.”

“మనకెందుకైతది కొట్లాట?”

“ఏమో, జర కింద పెట్టుండ్రి.”

పెట్టాను. కాయ కోసుకుని, చాకు తుడిచి, మళ్లీ సీటు మీదే పెట్టి జహీరాబాద్‌లో దిగిపోయింది.

కొట్లాడుకోవాలన్నా కొంచెం చనువుండాలి కదా, మాకు అదీ లేదు. చాకు చేతికిస్తే నిజంగానే కొట్లాట అవుతుందా? అనుభవజ్ఞులు చెప్పండి. చాలా ఆశతో అడుగుతున్నాను.