మొక్కుకున్న పేరు

"పేరు పెట్టేది తల్లీతండ్రీ అమ్మా, నువ్వు కాదు."

"మొక్కింది నేను. పక్కన నిలబడి నల్లదారం కట్టించుకుంది నీ పెళ్ళాం. ఆ రోజు ఈ తల్లీతండ్రీ ఎక్కడికి పోయార్రా?"

"మొక్కితే మొక్కావు, వెళ్ళి చక్కెర పంచిపెట్టి రా. రేపు కాన్వెంటులో హాజరు పిలిచేటప్పుడు మస్తాన్ రావు అంటే పిల్లలు నవ్వరూ?"

"మీ తాత పేరు పిచ్చయ్య. ఎవడు నవ్వాడో చెప్పు, వాడింటికి పోయి అడిగొస్తా."

"అత్తయ్యా, కాస్త మెల్లగా. వాడు లేస్తాడు."

"లేవనీ. వాడి పేరు గురించే గదా, వాడూ వింటాడు."

నా కొడుకూ, కోడలూ, నేనూ ఈ మాటలు అనుకుని ఇరవై ఏళ్ళు దాటింది. పోయిన నెలలో అటక దులిపిస్తుంటే ఆనాడు నా కొడుకు కొనుక్కొచ్చిన పేర్ల పుస్తకం దుమ్ము కొట్టుకుపోయి మళ్ళీ కిందికి వచ్చింది. అట్ట మీద నవ్వుతున్న బొద్దు పిల్లవాడు, పాలపిండి డబ్బాల మీద ఉంటాడే అలాంటివాడు, మన ఎండల్లో పుట్టిన రంగు కాదు. బయట పాత కాగితాలు కొనేవాడు తక్కెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చిత్తు కాగితం కూడా ఊరికే పారేయని దాన్ని, ఆ పుస్తకం మాత్రం వాడికి వేయలేదు. దాచుకోవాలని కాదు. చేతిలోకి తీసుకునేసరికి నా కోపం ఇంకా తీరలేదని తెలిసింది.

మాది అద్దంకి పక్కన మిరపా పత్తీ పండించే ఊరు. మా ఆయన పోయాక పొలం నేను చూసుకునేదాన్ని, ఒక్కగానొక్క కొడుకు అద్దంకిలో పురుగుమందుల కొట్టు పెట్టుకున్నాడు. కోడలికి మొదటి రెండు కాన్పులూ నిలవలేదు. ఒక బిడ్డ కడుపులోనే పోయింది, రెండో బిడ్డ పుట్టి, ఏడ్చి, నీళ్ళు పోయించుకుని, పురిటి మంచం మీదే పోయింది. ఒంగోలు డాక్టరమ్మకి చూపించాం, గుంటూరు బ్రాడీపేటలో పెద్ద డాక్టరుకీ చూపించాం, అందరూ ఏ లోపమూ లేదనేవాళ్ళే. లోపం లేకపోతే బిడ్డలెందుకు పోతున్నారో చెప్పేవాడు లేడు.

అప్పుడు మా వెనకింటావిడ ఒక మాట చెప్పింది. వాళ్ళు సాయిబులు, ఆవిడా నేనూ ఒకే కల్లంలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసేవాళ్ళం, నన్ను వదినా అని పిలిచేది. మస్తాను అయ్య దర్గాకి పోయి మొక్కుకోండి, బిడ్డ దక్కితే ఆ అయ్య పేరు పెట్టుకోండి అంది. మా వైపు ఇది వింతేమీ కాదని మీలో తెలిసినవాళ్ళకు తెలుసు. నా మేనమామ కొడుకు మస్తాన్ రావు, మా అరక దున్నినవాడు సైదులు, ఇద్దరూ బొట్టు పెట్టుకునే ఇళ్ళలో పుట్టినవాళ్ళే. అట్లా అడుక్కున్న బిడ్డ మన బిడ్డ కాదు, అయ్య బిడ్డ. మన దగ్గర పెరగనిచ్చాడు, అంతే. పేరు ఆ మాటకు గుర్తు.

అందుకే ముగ్గురం పోయాం. దర్గా పెద్దాయన నెమలీకల కట్ట కోడలి తల మీద ఆనించి, ఏం పేరు పెట్టుకుంటావు తల్లీ అని అడిగాడు. నేను నోరు తెరవలేదు. కోడలే చెప్పింది, వినబడీ వినబడనట్టు, కళ్ళు మూసుకుని. నా కొడుకు వెనక చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నా ఒళ్ళు మండేది ఇక్కడే. అవసరం తీరకముందు ఆ పేరు పలకడానికి ఎవరికీ సిగ్గు వేయలేదు.

బిడ్డ దక్కాడు. కల్లంలో కాయ ఎర్రగా ఆరబోసి ఉన్న రోజుల్లో, మగబిడ్డ. కోడలిని పుట్టింటికి కూడా పంపకుండా నేనే కనిపెట్టుకున్నాను. బారసాల దగ్గర పడింది. పంతులుగారు నక్షత్రం చూసి రీ అక్షరం మంచిదన్నారట, అది పట్టుకుని నా కొడుకు గుంటూరులో సరుకు వేయించుకోవడానికి పోయినవాడు బ్రాడీపేటలో ఈ పుస్తకం కొనుక్కొచ్చాడు. పేరు కోసం డబ్బు పెట్టడం నా జన్మలో అప్పుడే చూశాను. మొగుడూ పెళ్ళాం చెరో పక్కా కూర్చుని, చీరల కొట్లో చీరలు మడత విప్పించినట్టు, ఇది బాగుంది, కాదు ఇది బాగుంది అని పేజీలు తిప్పుతూ చివరికి రిత్విక్ దగ్గర ఆగారు. అర్థమేమిట్రా అంటే, యజ్ఞం చేయించేవాడు అని చదివి వినిపించాడు. మన ఇంటా వంటా యజ్ఞం చేయించినవాడెవడ్రా, మిరపచేలో మందు కొట్టినవాళ్ళమే గదా అన్నాను. దాంతో మొదలైంది మొదట చెప్పిన పోట్లాట.

ఇక తెల్లవారితే బారసాల. కొడుకు కొట్టుకి పోయాడు, కోడలు బిడ్డను పడుకోబెట్టుకుంది. నేను పుస్తకం తీసుకుని వసారాలో కూర్చున్నాను. మూడో తరగతితో బడి మానిపించారు నన్ను, అయినా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవగలను. వేల పేర్లున్నాయి అని అట్ట మీద వేశారు. నేను వెతికాను. కోటయ్య లేడు. పేరమ్మ లేదు. వెంకాయమ్మ, సుబ్బులు, పిచ్చయ్య, సైదులు, ఒక్కరూ లేరు. మా అమ్మ లేదు, మా అత్త లేదు, నేను లేను. మా ఊరు మొత్తాన్ని కల్లంలో నిలబెట్టి పిలిస్తే ఆ పుస్తకంలో పలికేవాడు ఒక్కడుండడు. ఈ నేల మీద ఎవరూ పుట్టనట్టు, ఎవరూ మట్టి పిసకనట్టు రాశాడు ఆ మహానుభావుడు. మస్తాను సంగతి చెప్పేదేముంది.

పుస్తకం చంకలో పెట్టుకుని వెనకింటికి పోయాను, ఆవిడ చేత మావాళ్ళకి నాలుగు మాటలు చెప్పిద్దామని. ఆవిడ చాట ముందేసుకుని మిరపల్లో రంగు పోయిన తాలుకాయ ఏరుతోంది, నా సంగతంతా విని కూడా తల ఎత్తలేదు.

"న్యాయానికి నా దగ్గరికొచ్చావా వదినా? నా మనవరాలికి మస్తాన్‌బీ అని మా అత్త పేరు పెడదామనుకున్నా. నా కొడుకూ అదే బ్రాడీపేట పోయి మావాళ్ళ పేర్ల పుస్తకం ఇంకోటి తెచ్చాడు. ఆ పేరు పాతబడిపోయిందంట."

"పాతబడటానికి అదేమన్నా చొక్కానా?"

"ఆ మాట నా కోడలితో చెప్పు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పా. రెండ్రోజులు నాకు టీ లేదు."

ఇద్దరం నవ్వాం, కానీ అది నవ్వు కాదు. అయ్యను చూపించిన ఇంట్లోనే అయ్య పేరు చెల్లకపోతే, ఇక నేను ఎవరిని నిలదీయను? మాట తప్పితే బిడ్డకేమవుతుందోనని నాకు లోపల వణుకు. ఇద్దరిని మట్టిలో పెట్టిన ఇల్లు అది. ఆ వణుకు ఎవరికీ కనపడకూడదని ఇంకా గట్టిగా అరిచేదాన్ని.

దీపాలు పెట్టే వేళకు కోడలు బిడ్డను నా ఒళ్ళో వేసి ఎదురుగా కూర్చుంది. ఆ పిల్ల ఎప్పుడూ నాకు ఎదురు చెప్పి ఎరగదు.

"చెప్పింది నేనే అత్తయ్యా, కాదనను. కానీ ఆ పేరు పలికితే ఆ దర్గా మెట్లూ, పోయిన ఇద్దరూ కళ్ళ ముందుకొస్తున్నారు. రోజుకి వందసార్లు పిలవాల్సింది నేను. నావల్ల కాదు."

ఎదుటి మాట నిజమని తెలిస్తే కోపం చల్లారుతుందని అనుకుంటారు గానీ, చల్లారదు, దారి లేక లోపలే తిరుగుతుంది. మరి నేను ఆ మాట అయ్యకి ఎట్లా చెప్పుకోను అన్నాను. ఆ పిల్ల ఏడ్చింది. నేను లేచి అన్నం వడ్డించాను.

వాడికి ఏమీ కాలేదు. మీసాలొచ్చాయి, హైదరాబాదులో చదువుతున్నాడు. ఏటా దర్గాకి పోయి చక్కెర పంచి వచ్చేది నేనే. రిత్విక్ అని నా నోటితో ఇంతవరకూ పిలవలేదు, వాడి తల్లి ఆ మాట అన్నాక మొక్కు పేరుతోనూ పిలవలేదు. ఏరా అంటాను, వాడు పలుకుతాడు. ఇప్పుడు ఆ పుస్తకం కూడా అక్కర్లేదట, సెల్లులో చూస్తే పేర్లు వస్తాయట, ఈమధ్య మా చుట్టాలింట్లో చూశాను, ఇంకెవరికీ లేని పేరు కావాలంటూ ఒకటే వెతుకులాట. మన రోజుల్లో పేరంటే ఇంకెవరిదో అయి ఉండాలి, తాతదో, దేవుడిదో, చేయి పట్టుకుని గట్టెక్కించిన అయ్యదో. పిలిచినప్పుడల్లా వాళ్ళనీ పిలిచినట్టు ఉండేది. ఎవరిదీ కాని పేరు పెట్టుకున్న ఈ పిల్లలు కష్టమొస్తే ఎవరిని తలుచుకుంటారో నాకు తెలియదు.

ఆనాటి బారసాలకి పొద్దున్నే పంతులుగారు వచ్చారు. పళ్ళెంలో బియ్యం పోసి పరిచాను. మొక్కు పేరుంటే అదీ రాయాలి నాయనా అని ఆయన అంటే, నా కొడుకు ఉంగరంతో మాసం పేరు, నక్షత్రం పేరు, మస్తాన్ రావు, చివర రిత్విక్ వరసగా రాశాడు. కోడలు బిడ్డ చెవిలో చివరి పేరు ఒక్కటే చెప్పింది. మా ఇంట్లో ఆ బియ్యం బయటికివ్వం. మధ్యాహ్నానికి కడిగి, బెల్లం వేసి పరవాన్నం వండాను. వెనకింటికి ఒక గిన్నె పంపాను. అందరూ తిన్నారు. నేనూ తిన్నాను.