బిళ్ళల గది కబుర్లావిడ

బస్టాండులో సామాన్లు దాచే గది ఒకటుంది. ముందు చెక్క బల్ల, వెనక ఇనప అరలు, గోడకి మేకులు, మేకులకి ఇత్తడి బిళ్ళలు. సంచీ లోపలికి పోతే బిళ్ళ బయటికి వస్తుంది. అక్కడ పని చూసే ఆవిడని డ్రైవర్ల దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ళ దాకా అందరూ కబుర్లావిడ అనే పిలిచేవారు. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో.

ఆవిడ నోరు అంత తీయనిది మరి. కొత్తమనిషి పెట్టె దించాడో లేదో, మెడ పట్టేసినట్టుందే బాబూ, కిటికీ పక్క సీటు దొరికిందా అని మొదలెట్టేది. మెడ నొప్పితో మొదలైన మాట పెళ్ళాం అలక మీదుగా, ఊడిన ఉద్యోగం దాకా వచ్చేసేది, పెట్టె ఇంకా అరలోకి చేరకముందే. కట్టుకున్నదానికి చెప్పని సంగతులు ఆవిడ ముందు కుమ్మరించి, తేలికపడి, బస్సెక్కి పోయేవారు. ఒకాయన తనకి ఆపరేషను చెయ్యాలన్నారన్న కబురు కన్నతల్లికన్నా ముందు ఆవిడకే చెప్పాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళని పలకరిస్తే ఎంత లాభమో ఆవిణ్ణి చూసి నేర్చుకోండని మేనేజరు కొత్త గుమస్తాలకి పాఠం చెప్పేవాడు.

మేనేజరుకేం తెలుసు, కుర్చీలో కూచున్నవాడికి. ఆవిడ అందరితోనూ మాట్లాడేది నిజమే. కానీ చివరి ప్లాట్‌ఫారానికి పొద్దున్నే వచ్చే బస్సు ఒకటుంది. అది దిగినవాళ్ళ దగ్గర ఆవిడ మాట వేరు, చూపు వేరు. ఆ బస్సు కూతురుండే ఊరినుంచి వస్తుంది.

ఆ కూతురు ఎవరితోనూ లేచిపోలేదు, గొడవపడి తలుపు విసిరికొట్టి పోలేదు. బుద్ధిగా ఉద్యోగం చూసుకుంది, తనకి నచ్చినవాణ్ణి చేసుకుంది, చిరునామా మాత్రం ఇవ్వలేదు. ఎందుకిస్తుంది? తల్లి తీపి అంతా బస్టాండులోనే ఖర్చయిపోయేది. ఇంటికొచ్చేసరికి మిగిలేది మూతి ముడుపు. పిల్ల బడి సంగతి ఏదో చెప్పబోతే, "పొద్దున్నుంచీ వాగి వాగి వచ్చాను, నువ్వూ మొదలెట్టకు" అనేది. జ్వరం వస్తే మందు వేళకి పోసేది, నుదుటి మీద చెయ్యి వేసేది కాదు. సెలవునాడు ఆ పిల్ల బస్టాండుకొచ్చి బెంచీ చివర కూచుని, ఎవరి పిల్లకో జడ సర్దుతూ తన తల్లి నవ్వడం చూసేది. చూసి చూసి రావడం మానేసింది. రావడం మానేసిందని తల్లి గమనించడానికి చాలాకాలం పట్టింది.

ఇప్పుడు గమనిస్తోంది. బాగా గమనిస్తోంది. ఆ బస్సు దిగినవాళ్ళని వానలెలా ఉన్నాయని పలకరించి, మీది ఏ వీధి, ఏం పని అంటూ చుట్టూ తిరిగి, కూతురి వాసన ఎక్కడన్నా తగులుతుందేమోనని చూసేది. ఫలానా పిల్ల తెలుసా అనేది గానీ, అది నా కూతురు అని మాత్రం నోరు జారేది కాదు. బెట్టు ఎక్కడికి పోతుంది. అలా తునకలు తునకలుగా దొరికాయి. కూతురు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తోందని ఒక మందుల ఏజెంటు చెప్పాడు. అల్లుడు నెమ్మదస్తుడని కొత్త అద్దాలు పెట్టుకొచ్చిన పెద్దాయన చెప్పాడు. ఆడపిల్ల పుట్టిందని ఒక నర్సమ్మ చెప్పింది. ఆ రోజు ఆవిడ ఆ మాట ఎవరితోనూ అనలేదు. వచ్చిన ప్రతి సంచీనీ పసిబిడ్డని పడుకోబెట్టినట్టు అరలో పెట్టింది.

కొన్నేళ్ళకి ఆ బస్సులోంచి ఒక దర్జీ మనిషి దిగింది. గుండీలు, దారాలు కొనుక్కోవడానికి వచ్చిందట. మాట కలిపితే తేలిందేమిటంటే, కళ్ళద్దాల దుకాణం అమ్మాయి వీళ్ళ గోడ పక్కింట్లోనే ఉంటుంది.  కబుర్లావిడ మాట తొణకనివ్వలేదు.

"పాపం, అమ్మా నాన్నా ఉన్నారా ఆ అమ్మాయికి?"

"నాన్న చిన్నప్పుడే పోయాడంట పిన్నిగారూ. అమ్మ కూడా పోయిందనే చెప్పింది."

ఆవిడ మేకునుంచి బిళ్ళ తీసింది. మళ్ళీ తగిలించింది. మళ్ళీ తీసింది. "ఎలా పోయిందట?"

"మాట్లాడీ మాట్లాడీ పోయిందని మా ఆయనతో నవ్వుతూ అందంట. తనూ తక్కువేం కాదులెండి, మంచి మాటకారి. దుకాణానికి వచ్చినవాళ్ళని అచ్చం మీలాగే నవ్వించి పంపుతుంది. ఇంటికొస్తే మాత్రం ఆ పసిదానితో ముక్క మాట్లాడదు. పొద్దున్నుంచీ వాగి వాగి వచ్చాను, నువ్వూ మొదలెట్టకు అంటుంది. గోడ ఇవతలికి వినపడుతుందిగా. పిల్ల మా ఇంటికొచ్చి నా గుండీల డబ్బాతో కబుర్లు చెప్పుకుంటది."

తన మాట తనకే, అక్షరం పొల్లుపోకుండా, పరాయిదాని నోట తిరిగొచ్చింది. తనని చంపేసినందుకు ఆవిడకి అంత నొప్పి లేదు. ఆ డబ్బా దగ్గర కూచున్న పిల్ల కళ్ళలో మెదిలింది. ఇప్పుడు తల్లినని చెప్పుకుంటే కూతురు ఆ మాట వినదు. పరాయివాళ్ళ మాట అయితే వింటుంది. మనుషులు పరాయివాళ్ళ మాట ఎంత బాగా వింటారో ఆవిడకన్నా తెలిసినవాళ్ళెవరు?

"ఆ అమ్మాయితో చెప్పు తల్లీ, బస్టాండులో ఒక ముసలిది అందని చెప్పు. బయటివాళ్ళకి పంచింది చాలు, పిల్లకి కాస్త మిగల్చమను."

ఆ తర్వాత రోజూ ఆ బస్సు కోసం చూసింది. దర్జీ మనిషి దారాలు అయిపోయినప్పుడే వచ్చింది. వచ్చి, బిళ్ళ వంక చూస్తూ మాట్లాడింది గానీ ఆవిడ మొహంలోకి చూడలేదు. ఆ మాట వినగానే పక్కింటమ్మాయి ముందు నవ్విందట. తర్వాత ఆ ముసలావిడకి గడ్డం మీద పుట్టుమచ్చ ఉంటుందా అని అడిగిందట. ఉంటుందంటే లోపలికెళ్ళి తలుపేసుకుందట.

"ఇవాళ బస్సుకి బయల్దేరుతుంటే గుమ్మంలోకొచ్చింది. ఆ ముసలావిడ నాతో అన్న మాట తన కూతురితో ఎప్పుడన్నా అందేమో అడిగి రమ్మంది." దర్జీ మనిషి గొంతు తగ్గించింది. "మీకు కూతురుందా పిన్నిగారూ?"

"ఉంది. దాని తల్లే పోయింది."

 దర్జీ మనిషి సంచీ అందించింది. కబుర్లావిడ దాన్ని అరలో పెట్టి, అటు తిరిగే, పిల్ల ఎలా ఉందని అడిగింది.

"ఈ మధ్య మా ఇంటికి రావడం లేదు. గోడ అవతలే ఏదో వాగుతూ ఉంటుంది, పొద్దుగూకేదాకా. వాళ్ళమ్మ ఊఁ కొడుతున్నట్టే ఉంది."

ఆవిడ అర వైపు తిరిగే ఆ సంచీని మరోసారి సర్దింది. ఈలోగా మరొకాయన వచ్చి పెట్టె బల్ల మీద పెట్టాడు. మెడ రుద్దుకుంటూ, ఈవిడ పలకరిస్తుందని చూశాడు. ఆ బస్సులోంచే దిగాడు. ఆవిడ పెట్టె అందుకుని బిళ్ళ ఇచ్చింది.

"పారేసుకోకండి" అంది.