నాలుక మీద పండుమిరప కారం

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి సంగతి చెబితే, వెనక ఎవరి పని ఉందా అని ఆరా తీసే రకం నేను. మా అమ్మ విషయంలోనూ అదే చేశాను.

మాది పర్చూరు దగ్గర పల్లె. అమ్మ మీరాబీ మిరప కోతలకు వెళ్లేది. ముద్ద గొంతు దిగడం లేదంటే గుంటూరు తీసుకెళ్లాం. అన్నవాహిక క్యాన్సర్ అన్నారు. ముందు కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చి గడ్డను తగ్గించారు. కాస్త కోలుకున్నాక ఆపరేషన్ చేసి, అన్నవాహిక తీసేసి, కడుపును పైకి లాగి మెడ దగ్గర కలిపి కుట్టారు.

ఆ కుట్టు మానేదాకా ఆహారమంతా పేగులోకి వేసిన గొట్టంలోంచే. "ఒక్క మెతుకు మింగినా ప్రాణం మీదికొస్తుందమ్మా," అని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు.

ఒక మధ్యాహ్నం నేను మందులు తీసుకుని వచ్చేసరికి అమ్మ పెదవి చివర ఎర్రగా ఉంది. రక్తమేమోనని హడలిపోయాను. తుడిచి చూస్తే పండుమిరపకాయ పచ్చడి వాసన.

నా అనుమానం మేనత్త ఖాసింబీ మీదికి పోయింది. "కడుపు మాడ్చి చంపుతారా ఏంటి దాన్ని?" అని ఆమె ముందు రోజే గొడవ చేసింది. నిలదీశాను.

"నా బిడ్డల మీద ఒట్టు, నేను పెట్టలా," అని ఏడ్చింది. నేను నమ్మలేదు. ఊరికి పంపించేశాను.

మర్నాడు మంచం పక్కనుంచి కదల్లేదు. అమ్మ దగ్గరికి ఎవరూ రాలేదు. అయినా ఆమె కళ్లు మూసుకుని నోరు చప్పరిస్తోంది. నర్సును పిలిచాను. ఆవిడ నోరు తెరిపించి గాజుగుడ్డతో నాలుక తుడిచింది. గుడ్డంతా ఎరుపు. దానికి అంటుకుని ఒక మిరప గింజ. నర్సు నా వైపు దొంగను చూసినట్టు చూసింది.

"ఎవరు పెట్టారమ్మా?" అని అడిగాను.

"మీ పెద్దమ్మ," అంది అమ్మ బొంగురు గొంతుతో. "నాలిక మీద రాసింది. మింగమాకే, కుట్లున్నాయి అంది."

పెద్దమ్మ పోయి ఏళ్లయింది. అమ్మకు అప్పటికి ఈ జబ్బే లేదు.

డాక్టరు నన్ను తిట్టి, కుట్టు కారితే కనబడే మందు వెంటనే తాగించి ఎక్స్‌రే తీయించారు. కుట్టు ఎక్కడా కారడం లేదు.

అత్త ఆ రోజు ఊళ్లోనే ఉందని ఇద్దరు ముగ్గురిని అడిగి రూఢి చేసుకున్నాను. నర్సులను అనుమానించాను. చివరికి అమ్మనే అనుమానించి దిండు కింద, దుప్పట్లో వెతికాను. ఏమీ దొరకలేదు.

ఇప్పుడు అమ్మ కొంచెం కొంచెంగా అన్నం తింటోంది. నిజంగా పెద్దమ్మేనా అని మొన్న మళ్లీ అడిగాను.

"అక్కే. నాకూ అదే అర్థం కావట్లేదే," అంది. "పొలం గట్టు తగాదా అయిన కాడ్నుంచి, పోయేదాకా నాతో మాట్లాడలా. ఇప్పుడొచ్చి నా నోటికి రుచి చూపించాల్సిన పనేంటి దానికి?"