అత్తమ్మ పిడికెడు బియ్యం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పెళ్ళై డోర్నకల్ వచ్చాక ఆ కోపమంతా మా అత్తమ్మ మీదే చూపించాను, ఎందుకంటే ఆమె ఎదురు మాట్లాడదు. ఎదురు మాట్లాడని మనిషితో గొడవ పెట్టుకోవడం ఎంత కష్టమో నన్నడగండి.

జనగామ దగ్గర మా పుట్టింట్లో శనివారం ఒక్కపొద్దులు, దేవుడి గూట్లో దీపం. అత్తగారిది చర్చికి వెళ్ళే ఇల్లు. నేనూ మా ఆయనా ఇష్టపడి చేసుకున్నాం. ఆ ఇంట్లో నాకు కొత్తగా కనిపించింది పిడికెడు బియ్యం. అన్నం వండే ప్రతిసారీ, బియ్యం కడగక ముందు, ఆమె గిన్నెలోంచి ఒక పిడికెడు తీసి మూత డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా చర్చికి తీసుకెళ్ళి, మిగతా ఆడవాళ్ళతో వరుసలో నిలబడి, ముందు పెట్టిన గంపలో పోసేది. నేను వచ్చేనాటికి ముప్ఫై ఏళ్ళుగా ఒక్క వారం తప్పలేదట.

మొన్నటి చలికాలంలో మా మామ, కౌలుకు చేస్తున్న మిరపతోటలోనే పక్షవాతం వచ్చి పడిపోయాడు. మానుకోట దవాఖానలో పదిహేను రోజులున్నాం. చూసే మనిషి లేక తోట తెగులు పట్టి పోయింది. నా భర్త చెల్పూరులో పవర్ ప్లాంటు కాంట్రాక్టు పనిలో ఉంటాడు, అతని జీతం మందులకే సరిపోయేది. ఇంట్లో తిండికి రేషన్ బియ్యమే దిక్కు. నెలాఖరుకు బస్తా అడుగు కనిపించేది.

మామను లేపడం, కడగడం, తినిపించడం అత్తమ్మ చూసుకోవడంతో వంట నా మీద పడింది. "బియ్యం కడిగేముందు పిడికెడు తీసుడు మర్వకు బిడ్డా" అని ఒక్కటే చెప్పింది. పరామర్శకు వచ్చిన చర్చి ఆడవాళ్ళు ఆమె విశ్వాసాన్ని తెగ పొగిడేవారు. ఆమె తల వంచుకుని వినేది. రోజూ పొద్దున్నే మామ మంచం పక్కన కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చునేది. నిజం చెప్పొద్దూ, చూస్తే నాకూ ముచ్చటేసేది. కానీ బస్తా చూస్తే ఒళ్ళు మండేది. మంచాన పడ్డ మనిషిని లేపని దేవుడికి మా బియ్యం ఎందుకు?

ఒక సోమవారం నుంచి తీయడం మానేశాను. ఆమెకు చెప్పలేదు. ఆ పిడికెడు కూడా కలిపే వండాను. చిత్రం, పూటపూటకీ గిన్నెలో కాస్త అన్నం మిగలసాగింది. అందరికన్నా చివర తినే అత్తమ్మ "సాలు" అని లేచేది. మిగిలింది మర్నాడు నేనే పెరుగేసుకుని తినేదాన్ని, పైగా మంచి పని చేశానని సంతోషపడ్డాను.

ఆదివారం పొద్దున ఆమె ఉతికిన తెల్ల చీర కట్టుకుని డబ్బా ఎత్తింది. మూత తీసి చూసింది.

"మర్శినవా బిడ్డా?"

"మర్వలె. నేనే తియ్యలె. మనకే లేకపాయె, దేవునికేం పెడ్తం అత్తమ్మా?"

ఆమె మూత పెట్టింది. "గందుకేనా, వారం సంది గిన్నెల అన్నం మిగులుతున్నది" అంది.

అప్పుడు వెలిగింది నాకు. ఆ పిడికెడు ఇన్నేళ్ళూ పోయింది చివర తినే ఆమె కంచంలోంచే. ఆ కొలతకే ఆమె కడుపు అలవాటు పడింది. దేవుడికి పోకుండా నేను మిగిల్చాననుకున్నదంతా ఆమె వాటా, దాన్ని వారమంతా నేనే తిన్నాను. సిగ్గుతో బస్తా దగ్గరికి వెళ్ళి దోసిలి నింపాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు బిడ్డా. గది నా ముద్దల నుంచి తీసింది కాదు గదా."

గడప మీద కూర్చుంది. "మీ మామ పడ్డప్పటి సంది నాకు ప్రార్థన వస్తలేదు. కండ్లు మూస్తే కోపమే వస్తది. వాళ్ళందరు నన్ను మెచ్చుకుంటుంటె తల ఎత్తబుద్ధి గాదు. నాకు దేవునికి నడుమ గా పిడికెడే మిగిలింది. గదొక్కటి ఇడ్వొద్దనుకున్న."

ఆ ఒక్కదాన్నీ నేను తెంపేశాను. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

ఆమె లేచి ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని బయలుదేరింది. ఆపలేక, మామను చూడమని పక్కింట్లో చెప్పి, వెనకే వెళ్ళాను. చర్చిలో ఆడవాళ్ళ వరుసలో ఎప్పటిలాగే నిలబడింది. తన వంతు వచ్చాక గంప మీదికి వంగి, మూత తీసి డబ్బా బోర్లించింది. ఒక్క గింజ రాలలేదు. అందరూ చూస్తున్నారు. అడుగున రెండుసార్లు తట్టి, పక్కకు జరిగి, వెనకామెకు చోటిచ్చింది. ఆమె స్థానంలో నేనుంటే ఆ రోజు ఇల్లు కదిలేదాన్ని కాదు.